విరిగి నలగడం అంటే ఏడవడమేనా? ఉపవాస ప్రార్థన కాడ అన్న మాట మనసుల నుంచి పోతలేదు

మట్టెవాడ_మార్తా
మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థన అయిపోయినంక నేను చాపలు చుట్టి పెడుతున్న, ఒక సిస్టర్ వచ్చి పదిమంది ముందట "మార్తక్కా నువ్వింకా విరగలే, విరిగిన హృదయం ఉంటే కన్నీళ్లు వాటంతటవే వస్తయి, నీకు రావు, అందుకే నీ ప్రార్థనకు జవాబు లేదు" అన్నది. నాకు నిజంగనే కన్నీళ్లు రావు. మా అమ్మ పోయిన రోజు గూడ నేను ఏడ్వలే, వచ్చినోళ్లకు చాయలు పోసుకుంట, పాస్టర్ గారికి ఫోన్లు చేసుకుంట, బరియల్ గ్రౌండ్ పనులు చూసుకుంట తిరిగిన. అందరు గుండె రాయి అన్నరు. ఇరవై ఏండ్ల సంది బైబిల్ల దావీదు రాసిన 51వ కీర్తన చదువుతున్న, "విరిగి నలిగిన హృదయమును నీవు అలక్ష్యము చేయవు" అన్న మాట నోటికొచ్చు. అర్థం మాత్రం తెల్వదని ఇప్పుడనిపిస్తుంది. గుండె విరుగుడు అంటే ఏంది? ఏడ్పు రానోళ్లకు అది లేనట్టేనా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_జాన్
అక్కా ముందుగాల ఆ సిస్టర్ అన్న మాట తప్పు. ఎవరి గుండె విరిగిందో కొలిచే కాంటా మనుషుల చేతుల లేదు. యోవేలు 2:13 చూడు, "మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని" అని ఉంది. అప్పట్ల బట్టలు చింపుకునుడు ఎట్లనో ఇప్పుడు గట్టిగ ఏడ్సుడు అట్ల. బయట కనబడేది.

ఓరుగల్లు_ఎస్తేరు
మా దగ్గర గూడ ఇదే. సౌండ్ బాక్సు పక్కన కూర్చున్నోళ్లకే పరిశుద్ధాత్మ ఎక్కువ ఉంటదా అని మా చిన్నోడు అడిగిండు, ఏం చెప్పాలె వాడికి 😀

కుమ్మరింటి_దానియేలు
నేను ఒక మాట చెప్తా, మాది కుమ్మరోళ్ల ఇల్లు, మా తాత మా నాయిన సారె తిప్పినోళ్లు, నేను టెన్త్ దాక మన్ను తొక్కిన. ప్రసంగాలల్ల కుమ్మరి ఇంటి సంగతి ఉన్న యిర్మీయా 18 వచ్చిందంటే చాలు "దేవుడు కుండను నేలకేసి పగలగొట్టి మళ్ల చేస్తడు" అంటరు. మా నాయిన చర్చిల కూసోని తలకాయ అడ్డం ఊపేటోడు. వాక్యంల ఎవ్వడు నేలకేసి కొట్టలే. "వాని చేతిలో విడిపోగా" అని ఉంది. అంటే అది ఇంకా పచ్చి మన్ను. సారె మీద కుండ ఒక పక్కకు ఒరుగుతది, మూతి కాడ సాగుతది, అప్పుడు కుమ్మరి దాన్ని రెండు చేతులతోని లోపలికి నొక్కి ముద్ద జేసి మళ్ల మొదలు పెడ్తడు. సారె ఆపడు, మన్ను పారెయ్యడు, చేతులల్లకెల్లే తియ్యడు.

ఇంకోటి. మన్ను తొక్కేటప్పుడు మా నాయిన వేళ్లతోని రాళ్లు ఏరేటోడు, గంటలకు గంటలు. అండ్ల సున్నపు రాయి శెనగ గింజంత మిగిలినా ఆ కుండ కాల్చే ఆములకెల్లి మంచిగనే వస్తది, చూస్తే ఏ లోపం కనబడదు, నాలుగు రోజులు గాలి తడి తగిలినంక ఆ రాయి ఉబ్బి టప్పుమని పెచ్చు లేస్తది. అంగట్ల అమ్మినంక కొన్నోళ్ల ఇంట్ల లేస్తది. అందుకే అంతసేపు తొక్కుడు. నలుగుడు అంటే నాకు అదే గుర్తుకొస్తది అక్కా, కాలి కింద మన్ను మెత్తగయితుంటే వేలికి రాయి తగులుడు. అది తగిలినప్పుడు ఏడ్పు రావచ్చు రాకపోవచ్చు.

మట్టెవాడ_మార్తా
దానియేలు తమ్మీ ఇది మూడు సార్లు చదివిన.

జనగామ_సైలస్
దానియేలన్న చెప్పింది బాగుంది కానీ ఒక తేడా ఉంది, నేను సెమినరీలో హెబ్రీ చదువుతున్నా కాబట్టి చెప్తున్నా. యిర్మీయా 18:4లో కుండకు వాడిన మాటకు "చెడిపోయింది" అని అర్థం. 51వ కీర్తన 17లో "విరిగిన" అన్నదానికి "నిష్‌బార్" అని ఉంది, అది వేరే ధాతువు. ఆ ధాతువు మళ్లీ యిర్మీయా 19:11లో వస్తుంది, అక్కడ కుండ కాల్చింది, పగలగొడితే ఇక బాగుచేయడం కుదరదు అని స్పష్టంగా ఉంది. అంటే దావీదు "నా హృదయం పచ్చి మన్ను" అనడం లేదు, "పగిలిపోయింది" అంటున్నాడు. "నలిగిన" అన్న మాట ఇంకా గట్టిది, పొడి పొడి అయ్యేలా దంచడం లాంటిది.

కుమ్మరింటి_దానియేలు
తమ్మీ కాల్చిన కుండ పగిలితే మళ్ల మన్ను కాదు. నీళ్లల్ల ఎన్ని రోజులు నానబెట్టినా కాదు. పెంకులైతయి అంతే. మరి దావీదుకు ఆశ ఎక్కడిది?

జనగామ_సైలస్
10వ వచనంలో ఉంది అన్నా. "శుద్ధహృదయము కలుగజేయుము" అని మన బైబిల్లో ఉంది కదా, హెబ్రీలో ఆ మాట "బారా". ఆదికాండము మొదటి వచనంలో "సృజించెను" అన్నది కూడా అదే మాట. బాగుచెయ్యి, అతుకు పెట్టు అని అడగడం లేదు, లేని దాన్ని కొత్తగా పుట్టించు అంటున్నాడు. పెంకులతో పని కాదని ఆయనకు తెలుసు.

కుమ్మరింటి_దానియేలు
ఇది మా నాయినకు చెప్తే మస్తు సంబురపడేటోడు. ఇప్పుడు లేడు.

పరకాల_పోరడు
అందరు మంచిగ చెప్తున్నరు, నాకైతే ఈ టాపిక్ అంటేనే కడుపు మండుతది. మా తాత దొర గడి ముందటికెల్లి పోవాలంటే చెప్పులు విప్పి చేతుల పట్టుకొని పోయినోడు. "బాంచెన్ నీ కాల్మొక్త" అనుకుంట బతికినోడు. వెట్టి చేసి చేసి నడుము వంగిపోయింది. గసొంటోళ్లు ఏసు దగ్గరికి ఎందుకొచ్చిండ్రు? తల ఎత్తుకొని నిలబడనీకి. ఇప్పుడు మళ్ల చర్చిల గూడ "తగ్గించుకో, నలిగిపో, నువ్వు పురుగువు" అంటే ఇంకెంత నలగాలె మేము? అదే మాట పెద్ద కులపోడు కొత్తగ రక్షణ పొందివస్తే వానికి చెప్పరు, వానికి కుర్చీ వేస్తరు. నేను కండ్లతోని చూసిన.

రోజా_హన్మకొండ
పరకాల తమ్మునికి నా ఓటు. నేను పేరు మార్చి రాస్తున్న. నా భర్త తాగొచ్చి కొట్టేటోడు, ఏడేండ్లు. ప్రార్థన చెయ్యమని పోతే ఒక పెద్దాయన అన్నడు, "దేవుడు నిన్ను విరగ్గొడుతున్నడమ్మా, లోబడు, నీ తగ్గింపు చూసి ఆయన మారతడు" అని. నేను నమ్మిన. చెయ్యి ఇరిగింది, అది గూడ దేవుని పనే అనుకున్న. ఈ మాట ఎవరైనా వాడేముందు ఒక్కసారి ఆలోచించుండ్రి, వినేటోళ్లు ఎవరో.

ఫాతిమానగర్_ఫిలోమినా
రోజా తల్లీ, నీకు ఆ మాట చెప్పినాయన దేవుని పేరు మీద అబద్ధం చెప్పిండు. యెషయా 42:3, "నలిగిన రెల్లును అతడు విరువడు." ఇంకా ఏం గావాలె? ఆయన విరువనంటున్నదాన్ని తాగినోడు విరిస్తే అది దేవుని పని ఎట్లయితది. యోహాను 18లో ప్రధాన యాజకుని ఇంట్ల బంట్రోతు యేసయ్యను చెంప మీద కొడితే ఆయన ఊకోలే, "మంచిమాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు" అని అడిగిండు. "నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను" అన్నాయనే అట్ల అడిగిండు. నిలదీసుడు దీనత్వానికి వ్యతిరేకం కాదు. ఇప్పుడు క్షేమంగ ఉన్నవా? లేకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, హన్మకొండల ఆడోళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంది, కేసు పెట్టాల్నా వద్దా అన్నది తర్వాత, ముందు పోయి మాట్లాడు.

రోజా_హన్మకొండ
ఇప్పుడు మా అమ్మగారింట్ల ఉన్న పెద్దమ్మా. టైలరింగ్ చేస్తున్న. ఆ యోహాను 18 నాకు ఎవ్వరు చూపెట్టలే ఇన్ని ఏండ్లు.

డోర్నకల్_డేవిడ్
పరకాల తమ్మీ నీ కోపం తప్పు కాదు. మా ఊరి సంగతి ఒకటి చెప్తా. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు తెలుసు కదా, ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం అయింది. పుట్టుక తమిళం, తిరునెల్వేలి పక్క పల్లెటూరి పాస్టర్ కొడుకు, 1909లో మన నిజాం ఇలాఖాకు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నడు. చాలా తగ్గింపు మనిషి అని మా పెద్దలు చెప్పేటోళ్లు, ఎడ్లబండి మీద ఊర్లు తిరిగేటోడు. అదే మనిషి 1910లో ఎడిన్‌బరో మహాసభల ప్రపంచ దేశాల మిషనరీలు కూర్చుని ఉంటే ముఖం మీదనే చెప్పిండు. మీరు త్యాగాలు చేసిండ్రు, బీదలకు ఆస్తి ఇచ్చిండ్రు, కానీ మాకు ప్రేమ గూడ గావాలె, మాకు స్నేహితులను ఇయ్యండి అని. తెల్ల మిషనరీ ఇంటికి పోతే కుర్చీ వెయ్యని కాలం అది. కొంతమందికి మస్తు కోపమొచ్చింది. తగ్గింపు ఉన్నోడు ఇంత మాట అనొచ్చా అంటే, అన్నడు. తన గొప్ప కోసం కాకుండ అడిగితే అట్లనే ఉంటది.

పరకాల_పోరడు
అన్నా ఇది తెల్వదు నాకు. ఒప్పుకుంటున్న. కానీ నా ప్రశ్న అట్లనే ఉంది, కింద ఉన్నోనికి "విరుగు" అని చెప్పాల్నా వద్దా?

కాజీపేట_జాన్
51వ కీర్తన రాసింది ఎవరు తమ్మీ? రాజు. కింద పడ్డోడు కాదు. తన సైనికుడు ఊరియా భార్యను తెచ్చుకొని ఊరియాను యుద్ధంల ముందు వరుసల నిలబెట్టి చంపించినోడు. ప్రవక్త నాతాను వచ్చి ఉన్నోడు పేదోని ఒక్క గొర్రెపిల్లను గుంజుకున్న కథ చెప్తే ఆ మనిషి చావాలె అని కోపం చేసుకున్నోడు, ఆ మనిషివి నీవే అనేదాక తెల్వలేదు. విరిగింది ఊరియా ఇల్లు. విరగాల్సింది దావీదు గుండె. మనం దీన్ని తిప్పి ఊరియా ఇంటోళ్లకు చెప్తున్నం, తప్పు అక్కడుంది.

పరకాల_పోరడు
ఇదీ మాట!!

ఓరుగల్లు_ఎస్తేరు
నాకో డౌట్. 4వ వచనంల "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటడు. మరి ఊరియా సంగతేంది? చచ్చినోనికి విరోధంగ కాదా? ఆ వచనం చదివినప్పుడల్లా నాకు మింగుడుపడదు.

జనగామ_సైలస్
మంచి ప్రశ్న అక్కా. చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, రాజును విచారించే కోర్టు లేదు కాబట్టి దేవుని ముందే నిలబడాలి అన్న అర్థంలో అన్నాడని. నాకు పూర్తిగా తృప్తి లేదు. మనిషికి చేసిన అన్యాయం దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలు అని మనవాళ్లు దీన్ని అడ్డం పెట్టుకుంటారు. దానికి జవాబు పన్నులు వసూలు చేసిన జక్కయ్య. లూకా 19:8, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. విచిత్రం ఏంటంటే నాతాను కథ విని దావీదు వేసిన తీర్పు కూడా గొర్రెపిల్లకు నాలుగంతలే.

నర్సంపేట_మిర్చి
నేను రెండు రోజుల సంది చదువుతున్న, రాయాల్నా వద్దా అనుకున్న. రాస్తున్న.

నేను రైతుల మిర్చి కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంల ముప్పై ఏండ్లు చేసిన, చివరి పదేండ్లు సొంత కాంటా. సంఘంల పెద్దను. సాక్ష్యం చెప్పమంటే మైకు పట్టుకోంగనే నాకు ఏడుపొచ్చేది, జనం గూడ ఏడ్చేటోళ్లు, "అంకుల్ ఎంత విరిగిన మనిషి" అనేటోళ్లు. అదే నేను సోమవారం పొద్దుగాల కాంటా కాడ బస్తాకు కిలో ఎక్కువ తరుగు తీసేటోన్ని. తేమ ఉందని, తాలు ఉందని. అందరు తీస్తరు, నేనొక్కన్నే ఎందుకు ఊకోవాలె అనుకున్న. ఆదివారం ఏడ్పు నిజమే, నేను నటించలే, అదే నాకు ఇప్పటికీ భయం పుట్టించేది. కన్నీళ్లు నిజం, కాంటా అబద్ధం, రెండూ ఒక్క మనిషిల పక్కపక్కన ఉన్నయి.

ఒకసారి ఒక ముసలాయన పదకొండు బస్తాలు తెచ్చిండు. తూకం, పైసల లెక్క ఉండే చీటీ, తక్‌పట్టీ రాసి ఇచ్చిన, ఆయనకు చదువు రాదు, వేళ్ల మీద లెక్క పెట్టుకున్నడు, కణుపు కణుపుకు బొటనవేలు పెట్టుకుంట. మళ్ల మొదట్నుంచి పెట్టుకున్నడు. మళ్ల ఒకసారి. లెక్క కలుస్తలేదు ఆయనకు. నా ముఖం దిక్కు చూసి "తప్పు నాదే అయి ఉంటది బిడ్డా, నువ్వు ప్రార్థన చేసెటోనివి కదా అని నీ కాంటకే తెచ్చిన" అని తక్‌పట్టీ మడిచి అంగీ జేబుల పెట్టుకొని పోయిండు. నేను కుర్చీల నుంచి లేవలేకపోయిన. ఏడ్పు రాలే. ఒక్క చుక్క రాలే. నోరు ఎండిపోయింది.

ఆ రాత్రి పాత పుస్తకాలు తీసిన. కొడుకు పిచ్చి లేసిందా అన్నడు. పోయిన మూడు సీజన్ల తక్‌పట్టీలు దొరికినయి, వాటి లెక్క రాసి ఊరూరు తిరిగి తిరిగిచ్చిన. ఏడాదిన్నర పట్టింది. కొందరు వద్దన్నరు, ఒకాయన తిట్టిండు, తిట్టాలె గూడ. ఒకామె భర్త అప్పటికే చనిపోయిండు, ఆమె పైసలు తీసుకొని తలుపు వేసుకున్నది, ఒక్క మాట మాట్లాడలే. సంఘంల పెద్దరికం వదిలేసిన. మైకు పట్టుకోలే మళ్ల. మార్తమ్మా, నీకు ఏడ్పు రాదని బాధపడకు. నాకు వచ్చిన ఏడ్పుతోని ఎవ్వరికి కిలో మిర్చి తిరిగిరాలే.

కుమ్మరింటి_దానియేలు
అంకుల్ 🙏

మట్టెవాడ_మార్తా
అంకుల్ మీరు రాసింది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టిన.

ఖిలా_సామ్యూల్
అంకుల్ సాక్ష్యం గొప్పది కానీ నేను ఒకటి ఒప్పుకోను, అందరు కన్నీళ్లను తీసిపారేస్తున్నరు. యేసు ఎవరో తెల్వదని మూడుసార్లు అన్న పేతురు కోడి కూసినంక "వెలుపలికి పోయి సంతాపపడి యేడ్చెను" అని ఉంది కదా. మేము పెంతెకొస్తోళ్లం, ఏడుస్తం, మోకాళ్ల మీద పడతం, అది వేషం కాదు. మా అమ్మ ఇప్పటికీ తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఏడుస్తది, నా తాగుడు మానింది ఆ ఏడుపు వినే.

ఫాతిమానగర్_ఫిలోమినా
సామ్యూల్ బిడ్డా మీ అమ్మ కన్నీళ్లను ఎవ్వరు తీసెయ్యలే. పేతురు ఎక్కడ ఏడ్చిండో చూడు, వెలుపలికి పోయి. మంట కాడ జనం ముందు కాదు.

కాజీపేట_జాన్
దావీదు కంటే ముందటి రాజు సౌలు గూడ ఒప్పుకున్నడు, 1 సమూయేలు 15ల "నేను పాపము చేసితిని" అన్నడు. వెంటనే ఏమన్నడు? నా జనుల పెద్దల ముందు నన్ను ఘనపరచు అన్నడు. మాట దావీదు మాటే, మనసు వేరు. సామ్యూల్ తమ్ముడు చెప్పింది గూడ కరెక్టే, ఏడ్సినోళ్లందరు సౌలులు కారు.

ఖిలా_సామ్యూల్
సరే అన్నా, గట్లయితే ఒప్పుకుంటా.

ఫాతిమానగర్_ఫిలోమినా
మా క్యాథలిక్ సంఘంల బూడిద బుధవారం ఉంటది, పోయిన ఏడాది మ్రానికొమ్మల ఆదివారం మట్టలు కాల్చి ఆ బూడిద నుదుటి మీద పెడ్తరు. మట్టివి, మట్టిలనే కలుస్తవ్ అని చెప్పి. హోసన్నా అనుకుంట ఊపిన మట్టలే. ఆ వరుసల డాక్టరు నిలబడ్తడు, ఊడ్చే ఆమె నిలబడ్తది, ఫాదర్ గారికి గూడ ఎవరో ఒకరు పెట్టాలె. పరకాల పోరడు అడిగినదానికి నాకు తెలిసిన జవాబు గదే. ఒక్కన్నే వంగుమనకు, అందరికీ అదే బూడిద.

డోర్నకల్_డేవిడ్
చర్చిల రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్లారాధన గూడ అంతే కదా. బ్రదరన్ వాళ్లైతే దాని పేరే రొట్టె విరిచే కూడిక అంటరు. విరవకుంటే ఒక్కనికే సరిపోతది, విరిస్తేనే పదిమందికి అందుతది.

రోజా_హన్మకొండ
డేవిడన్నా, ఆ రొట్టె యేసయ్య దేహానికి గుర్తు, ఆయన తనంతట తనే ఇచ్చుకున్నడు, ఎవరో గుంజుకొని విరవలే. యోహాను 10:18 "నా అంతట నేనే దాని పెట్టుచున్నాను". ఆ తేడా గూడ చెప్పాలె ఎప్పుడు చెప్పినా.

డోర్నకల్_డేవిడ్
నిజం చెల్లే. ఇగ నుంచి చెప్తా.

మట్టెవాడ_మార్తా
ఒక మాట దాచిపెట్టిన, చెప్తా. ఆ సిస్టర్ అన్నది తప్పే, మీరందరు చెప్పినంక ధైర్యమొచ్చింది. కానీ దానియేలు తమ్ముడు చెప్పిన సున్నపు రాయి నాల ఉంది. మా అమ్మను చివరి మూడేండ్లు నేనే చూసుకున్న. తమ్ముడు కరీంనగర్ల ఉంటడు, పండుగలకు వచ్చి పోయేటోడు. నేను ఒక నోట్‌బుక్ పెట్టిన, అమ్మకు అయిన ప్రతి రూపాయి రాసిన, స్కానింగు, మందులు, డైపర్లు, ఆటో చార్జీ గూడ. పైసలు అడగనీకి కాదు. వాడు ఏం చెయ్యలేదని రాసి పెట్టుకోనీకి. అమ్మ పోయి నాలుగేండ్లయింది, ఆ బుక్కు బీరువల చీరెల కింద ఉంది. వానితోని మాట్లాడలే. ప్రతి శుక్రవారం పోయి చాపలు పరుస్తున్న, ఊడుస్తున్న, నా అంత సేవ చేసెటోళ్లు లేరని లోపల్లోపల లెక్క రాసుకుంటున్న, అది గూడ అసొంటి బుక్కే.

నర్సంపేట_మిర్చి
తల్లీ నువ్వు అమ్మను చూసుకున్నది తప్పు కాదు. మర్చిపోకు అది.

రోజా_హన్మకొండ
అక్కా తమ్ముడు రాకపోవుడు గూడ తప్పే. నువ్వొక్కదానివే మొత్తం మీద వేసుకోకు. అయినా ఫోన్ చెయ్యాలనిపిస్తే చెయ్యి.

జనగామ_సైలస్
మత్తయి 5:23, 24 అక్కా. బలిపీఠం దగ్గర అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు. అందులో ఒక సంగతి ఉంది, నీ మీద నీ సహోదరునికి ఏమైనా ఉంటే అన్నాడు.

మట్టెవాడ_మార్తా
వాని మనసుల ఏముందో నేను ఎప్పుడు అడగలే.

మట్టెవాడ_మార్తా
నిన్న సాయంత్రం చేసిన. ఎత్తలే. రెండోసారి చెయ్యాలంటే చెయ్యి ఆడలే, మిస్డ్ కాల్ చూస్తడు కదా అని ఊకున్న. రాత్రి పదిన్నరకు వాడే చేసిండు. ఇద్దరం ఏం మాట్లాడలే కొంచెంసేపు. తర్వాత "అక్కా తిన్నవా" అన్నడు. అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా మొదట అదే అడిగేది. నేను తిన్న అన్న. వాడు చెప్పిండు, అమ్మను ఆ స్థితిల చూడలేక వచ్చేటోన్ని కాదు, నువ్వు గట్టిదానివి, నిన్ను చూస్తే నాకు సిగ్గయ్యేది అని. నాకు ఇప్పుడు గూడ ఏడ్పు రాలే. కానీ పొద్దున దాక నిద్ర పట్టలే.

ఫాతిమానగర్_ఫిలోమినా
దేవునికి స్తోత్రం బిడ్డా. పండుగకు రమ్మన్నవా?

మట్టెవాడ_మార్తా
అమ్మ వర్ధంతికి వస్తనన్నడు, పిల్లల్ని తీసుకొని. వచ్చే నెల.

పరకాల_పోరడు
అక్కా ఆ బుక్కు?

మట్టెవాడ_మార్తా
ఇంకా బీరువలనే ఉంది తమ్మీ. పొద్దున తీసిన, రెండు పేజీలు చదివిన, అమ్మకు ఇష్టమని తెచ్చిన సీతాఫలాల ఖర్చు గూడ రాసి ఉంది అండ్ల, 60 రూపాయలు. చింపాలంటే చేతులు వస్తలేవు. మళ్ల అక్కడ్నే పెట్టిన. వాడు వచ్చేలోపల చెయ్యాలె. ప్రార్థన చెయ్యండి.

నర్సంపేట_మిర్చి
చేస్తున్న తల్లీ.

కుమ్మరింటి_దానియేలు
మా ఇంట్ల గూడ చేస్తం అక్కా, ఇయ్యాల రాత్రికి.